మా పద్మిని ఇంజనూ, మ్యూజియంలో ఉన్న చిసిటాలియా 202 ఇంజనూ ఒకటేనా?

గోదావరి పద్మిని:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. నాన్నగారి 1984 ప్రీమియర్ పద్మిని రెండేళ్ళుగా షెడ్డులో కదలకుండా పడి ఉంటే ఈ వేసవిలో పట్టుబట్టి ఇంజన్ దించాను. హెడ్ తీశాం, వాల్వులు గ్రైండింగ్‌కి ఇచ్చాం, బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) అరిగింది కాబట్టి లేత్ వాళ్ళ దగ్గర వరసలో ఉన్నాం. నెల రోజులుగా బోర్ 68 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 75, మొత్తం 1089 సీసీ అనే అంకెలు తప్ప బుర్రలో ఇంకేం లేవు.

మొన్న రాత్రి న్యూజెర్సీలో ఉండే మా బావ ఒక ఫోటో పంపాడు. 2021లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో కార్ల ప్రదర్శన పెట్టినప్పుడు తీసిందట. చిన్న ఎర్ర కారు, రెండే సీట్లు, గులకరాయిలా నున్నగా ఉంది. పేరు చిసిటాలియా 202. "నీ పద్మిని ఇంజనే ఇందులోనూ ఉంది రా, చూసుకో" అని కింద రాశాడు. మా బావ ఆటపట్టించే రకం కాదు, అయినా నమ్మబుద్ధి కాలేదు. వెతికితే అందులోనూ 1089 సీసీ అనే ఉంది! మా ఇంటిల్లిపాదిమీ ఏడుగురం ఎక్కి అన్నవరం వెళ్ళొచ్చిన ఇంజన్ అది. అది రేసు కారులోకి ఎలా వెళ్ళింది, ఆ కారు మ్యూజియం దాకా ఎలా వెళ్ళింది? ఎవరు చేశారు, ఎన్ని చేశారు, తర్వాత ఏమైంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, తొందరేం లేదు, బోర్ పని అయ్యేసరికి ఎలాగూ వారం పడుతుంది.

కుర్లా 1089:

మీ బావగారు చెప్పింది నిజమేనండి, కాకపోతే "అదే ఇంజన్" అనేకంటే "అదే వంశం" అంటే సరిగ్గా ఉంటుంది. ఫియట్ వాళ్ళు 1937లో 508సీ అనే కారుకి ఈ 1089 సీసీ ఇంజన్ చేశారు, 68 బోర్, 75 స్ట్రోక్. వాల్వుల్ని తెరిపించే క్యామ్ షాఫ్ట్ బ్లాక్‌లోనే ఉంటుంది, పుష్ రాడ్లు పైకెళ్ళి వాల్వుల్ని నొక్కుతాయి. అప్పటికి చిన్న కార్లలో చాలావాటికి వాల్వులు పక్కనే ఉండేవి, దీనికి హెడ్‌లో ఉండటం వల్ల ఊపిరి బాగా ఆడేది. ఆ ఇంజన్‌ని ఫియట్ వదల్లేదు, మెరుగుపరుస్తూ వచ్చి 1953లో కొత్త 1100లో పెట్టారు, ఆ కారే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళ ఫ్యాక్టరీకి వచ్చి మొదట ఫియట్ 1100గా, తర్వాత డిలైట్, ప్రెసిడెంట్, చివరికి పద్మిని అయ్యింది. అంటే చిసిటాలియా వాళ్ళు తీసుకున్నది మీ ఇంజన్‌కి తాతని.

508సీలో అది ఇచ్చింది 32 హార్స్ పవర్. మీ పద్మినిలో నలభై చిల్లర. చిసిటాలియా 202లో 55 దాకా లాగారు, రేసుకి తయారు చేసిన ఓపెన్ బండ్లలో ఇంకొంచెం ఎక్కువ. ఇందులో గారడీ ఏం లేదు, కంప్రెషన్ పెంచడం, క్యామ్ మార్చడం, మంచి కార్బురేటర్ పెట్టడం, బరువు తగ్గించడం. అసలు లాభం బరువులోనే వచ్చింది. మామూలు ఛాసిస్ బదులు సన్నటి స్టీలు ట్యూబుల్ని వెల్డింగ్ చేసి పంజరంలా అల్లారు, దాని మీద అల్యూమినియం బాడీ. మొత్తం బండి 800 కిలోల లోపే, మీ పద్మిని కంటే వంద కిలోలు తక్కువ. 1100 సీసీ బండి ఆ రోజుల్లో గంటకి 160 కిలోమీటర్లు వెళ్ళింది.

ముందు సస్పెన్షన్, గేర్ బాక్స్ లాంటివి కూడా ఎక్కువగా ఫియట్ సామానే. యుద్ధం అయిపోయిన ఇటలీలో కొత్తగా పార్టులు పోత పోయించుకునే స్తోమత చిన్న కంపెనీకి ఎక్కడుంటుంది, దొరికేదాంతో పని కానివ్వాలి. ఒక్క మాట, హెడ్ బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడండి, చేతి అంచనాతో వద్దు, అల్యూమినియం హెడ్ అది.

పాత రేసుల పిచ్చి:

ఇంజన్ సంగతి పైన ఆయన చెప్పేశారు కాబట్టి మనుషుల సంగతి నేను చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన కథ.

చిసిటాలియా కంపెనీ పెట్టినవాడు పియరో దూసియో, ఇటలీలోని టురిన్‌లో ఒక వ్యాపారి. కుర్రతనంలో యువెంటస్‌కి ఫుట్‌బాల్ ఆడాడు, మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది, బట్టల వ్యాపారంలో దిగి బాగా సంపాదించాడు, తర్వాత అదే యువెంటస్‌కి ప్రెసిడెంట్ అయ్యాడు. యుద్ధంలో సైన్యానికి యూనిఫాంలు సరఫరా చేశాడు. సైకిళ్ళ వ్యాపారం కూడా ఉండేది. తనే స్వయంగా రేసులు నడిపేవాడు. యుద్ధం ఎలాగూ ముగుస్తుంది, ముగిశాక జనానికి మళ్ళీ రేసులు కావాలి, కానీ ఎవరి దగ్గరా డబ్బుండదు, అందుకని అందరూ కొనగలిగే చిన్న రేసు కారు చేయాలి అనుకున్నాడు. కారు గీయడానికి ఎవర్ని పట్టుకున్నాడంటే ఫియట్‌లో ఉన్న దాంతే జకోసాని. అంతకుముందే టొపొలీనో అనే బుల్లి ఫియట్ చేసినవాడు, తర్వాత 1957లో ఫియట్ 500 చేసింది కూడా ఆయనే. పగలు ఫియట్ ఉద్యోగం, అది అయ్యాక దూసియో పని. అలా పుట్టింది డీ46 అనే రేసు కారు, ఒక్క సీటు, 1089 సీసీ ఇంజన్. తర్వాత జకోసా ఫియట్ పనిలో మునిగిపోతే జొవాన్ని సవొనుట్సి అనే ఇంజనీరు పగ్గాలు అందుకున్నాడు, విమానాల వైపు నుంచి వచ్చినవాడు.

1946 సెప్టెంబరులో టురిన్ వాలెంటీనో పార్కులో కొప్పా బ్రెట్సీ అనే రేసుకి డీ46లు ఏడు దించారు. దూసియోనే గెలిచాడు. కానీ ఆ రోజు గురించి అందరూ చెప్పుకునేది ఇంకొకాయన్ని. తాత్సియో నువొలారి, యుద్ధానికి ముందు యూరప్‌లో ఆయన్ని మించిన డ్రైవర్ లేడు. నడుస్తున్న బండిలో స్టీరింగ్ చక్రం ఊడి చేతికి వచ్చేసింది! ఒక చేత్తో ఆ చక్రాన్ని పైకెత్తి పిట్‌లో ఉన్నవాళ్ళకి చూపిస్తూ, ఇంకో చేత్తో మిగిలిన కడ్డీని పట్టుకుని బండి నడిపాడు. ఆ ఫోటో దొరుకుతుంది, తప్పకుండా చూడండి.

ఇక మిల్లె మిల్యా అనే రేసు. ఇటలీలోని బ్రెషాలో మొదలై రోమ్ దాకా వెళ్ళి మళ్ళీ బ్రెషాకి రావాలి, 1800 కిలోమీటర్ల పైమాటే, మామూలు రోడ్ల మీద, ఆగకుండా. యుద్ధం తర్వాత మొదటిసారి 1947 జూన్‌లో పెట్టారు. నువొలారికి అప్పటికి 54 ఏళ్ళు. ఇద్దరు కొడుకులూ పోయారు, ఒకడు 1937లో, రెండోవాడు ఈ రేసుకి ముందు సంవత్సరమే. ఏళ్ళ తరబడి పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆయనకి ఇచ్చింది 202 ఓపెన్ బండి, పైన టాపు లేదు, పక్క సీట్లో కరేనా అనే సహచరుడు. పోటీలో ఉన్నది యుద్ధానికి ముందు తయారైన పెద్ద ఆల్ఫా రోమియో, 2900 సీసీ, నడిపేది బియొండెట్టి. రోమ్ చేరేసరికి ముందున్నది ఎవరనుకున్నారు? 1100 సీసీ చిసిటాలియా.

చివర్లో ఉత్తరాన కుండపోత వర్షం పట్టుకుంది. టాపు లేని బండి, లోపలంతా నీళ్ళే. స్పార్క్‌కి కరెంటు ఇచ్చే మాగ్నెటో తడిసింది, స్పార్క్ పోయింది, ఇంజన్ ఆగింది. ఆరబెట్టుకుని మళ్ళీ స్టార్ట్ చేసేసరికి పుణ్యకాలం గడిచిపోయింది, బియొండెట్టి దాటేశాడు, నువొలారి దాదాపు పావుగంట వెనక రెండోవాడిగా వచ్చాడు. మూడు, నాలుగు స్థానాల్లో వచ్చినవి కూడా చిసిటాలియాలే. తన ఇంజన్‌కి రెండున్నర రెట్లు ఉన్న బండిని 1800 కిలోమీటర్ల రేసులో వర్షం వచ్చేదాకా వెనక్కి నెట్టిన మనిషి ఆయన. ఆ తర్వాత ఆ ఓపెన్ బండ్లకి నువొలారి స్పైడర్ అనే పేరు స్థిరపడిపోయింది. గెలిచిన బండి ఎవరికీ అంతగా గుర్తు లేదు, రెండోది వచ్చిన బండికి మాత్రం ఇప్పటికీ ఆయన పేరే.

గోదావరి పద్మిని:

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది అండీ. మాగ్నెటో తడవడం అనగానే నాకు మా బండి గుర్తొచ్చింది, ఆ ముచ్చట తర్వాత చెప్తాను. ముందు ఇది చెప్పండి, ఇంత మంచి బండి అయితే ఎందుకు మూతపడింది? మొత్తం ఎన్ని చేశారు?

టింకరింగ్ షెడ్డు, విజయవాడ:

కంపెనీ సంగతి వేరేవాళ్ళు చెప్తారు, నేను బాడీ పనివాణ్ణి, ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నా, బాడీ గురించి రెండు మాటలు. ఆ ఫోటోని కాస్త పెద్దది చేసి ముందు భాగం చూడండి. అంతకు ముందు కార్లకి మడ్గార్డులు వేరు, బానెట్ వేరు, హెడ్‌లైట్లు పైన బుడగల్లా వేరు, అన్నీ తెచ్చి ఒకచోట బిగించినట్టు ఉండేవి. ఇందులో మడ్గార్డు బాడీలోంచే పొంగి మళ్ళీ బాడీలోనే కలిసిపోతుంది, ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో వేలు పెట్టి చూపించలేరు. హెడ్‌లైట్లు ఆ పొంగులోనే ఇమిడిపోయాయి. బానెట్ మడ్గార్డుల కంటే కిందకి ఉంది, ఇది అప్పట్లో చాలా కొత్త. ముందు అద్దం మాత్రం రెండు ముక్కలు, మధ్యలో కలుస్తుంది.

ఇలాంటి ఒంపుని అల్యూమినియం రేకు మీద చేత్తో తీయడం ఎంత కష్టమో చేసేవాళ్ళకే తెలుస్తుంది. చెక్కతో ఆకారం చేసి పెట్టుకుని, దాని మీద రేకుని సుత్తితో కొట్టుకుంటూ కొంచెం కొంచెం ఒంచుతూ పోవాలి. స్టీలు అయితే కాస్త ఓర్చుకుంటుంది, అల్యూమినియం ఎక్కువ కొడితే సాగి పల్చబడుతుంది, ఇంకా కొడితే చిట్లుతుంది. ఎండలో నిలబెట్టి పక్కనుంచి చూస్తే వెలుగు రేకు మీద ఒకే గీతలా జారాలి, ఎక్కడైనా విరిగిందంటే అక్కడ గుంట ఉన్నట్టు. మా దగ్గర గుంట ఉంటే పుట్టీ పెట్టి రుద్దుతాం. ఈ బండి ఫోటోలు గంటసేపు చూశాను, ఆ గీత ఎక్కడా విరగలేదు.

హడ్సన్ ఒడ్డున:

ఆ ప్రదర్శన నేనూ చూశాను. అందులో ఉన్నవి తొమ్మిది బండ్లు, జాగ్వార్ ఈ టైప్ ఉంది, సిట్రోయెన్ డీఎస్ ఉంది, ఫార్ములా వన్ ఫెరారీ ఉంది, వాటన్నిటి మధ్య ఈ చిన్నదాని దగ్గర నేను ఎక్కువసేపు నిలబడిపోయాను. ఫోటోల్లో పెద్దగా కనిపిస్తుంది గానీ ఎదురుగా చూస్తే ఎంత చిన్నదో, పైకప్పు నా భుజం దాకా కూడా రాదు.

బాడీ చేసింది బట్టిస్టా ఫరీనా, అందరూ పినిన్ అనేవాళ్ళు, అంటే వాళ్ళ యాసలో చిన్నోడు అని. ఆ ముద్దుపేరే ఇంటిపేరుతో కలిసిపోయి 1961లో అధికారికంగా పినిన్‌ఫరీనా అయ్యింది. పైన చెప్పిన సవొనుట్సి వేసిన బొమ్మలు ఆధారంగా ఉన్నాయి, వాటిని ఈ రూపానికి తెచ్చింది పినిన్. ఆయన తెగువ గురించి ఒకటి చెప్పాలి. 1946లో ప్యారిస్ మోటార్ షోకి ఇటలీవాళ్ళని రానివ్వలేదు, యుద్ధంలో అవతలి పక్షం కదా. ఆయన ఊరుకోలేదు, తను బాడీ కట్టిన రెండు కార్లని కొడుకుతో కలిసి నడుపుకుంటూ ప్యారిస్ వెళ్ళి, షో జరుగుతున్న గ్రాండ్ పాలే వాకిట్లోనే నిలబెట్టాడు. లోపలికి వెళ్ళే జనమంతా ముందు వాటినే చూశారు. చిసిటాలియా 202 వచ్చింది ఆ మరుసటి ఏడే, 1947లో.

న్యూయార్క్ మ్యూజియం 1951లో ఎనిమిది కార్లతో ఒక ప్రదర్శన పెట్టింది, కారుని కళావస్తువుగా చూడమని. మెర్సిడెస్, బెంట్లీ, లింకన్ కాంటినెంటల్ లాంటి దిగ్గజాల పక్కన ఈ 1100 సీసీ బండిని నిలబెట్టారు. తర్వాత 1972లో ఒక 202ని శాశ్వతంగా తమ సేకరణలో చేర్చుకున్నారు, అది మ్యూజియం వాళ్ళ మొట్టమొదటి కారు. అది పినిన్‌ఫరీనా వాళ్ళు కానుకగా ఇచ్చిన బండి. ఆ పినిన్‌ఫరీనాని 2015లో కొనడానికి ఒప్పందం చేసుకున్నది మన మహీంద్రా గ్రూపు. ఆ వార్త చదివిన రోజు నాకు మనింటి శుభవార్తలా అనిపించింది.

పాత రేసుల పిచ్చి:

మూతపడిన సంగతికి వస్తా. 202లు కూపేలు, కన్వర్టిబుల్‌లు కలిపి 1952 దాకా తయారైనవి సుమారు 170. ఒక్కో బాడీ చేత్తో కొట్టాలి, ఒక్కో ఫ్రేము చేత్తో అల్లాలి, ఖర్చు తడిసి మోపెడయ్యింది. అమెరికాలో అమ్ముదామంటే 1948 తర్వాత జాగ్వార్ ఎక్స్‌కే120 వచ్చేసింది, మూడు రెట్ల ఇంజన్, ఇంకా వేగం, పైగా ధర తక్కువ. అందం కోసం ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ వేగం కొనేవాళ్ళు ఎంతమంది ఉంటారు.

కానీ కంపెనీ నడ్డి విరిచింది 202 కాదు, దూసియో పెట్టుకున్న ఇంకో కోరిక. పెద్ద గ్రాండ్ ప్రీ కారు చేయాలని. దాని కోసం ఆస్ట్రియాలో గ్మూండ్ అనే ఊళ్ళో తలదాచుకున్న పోర్షే బృందానికి పని అప్పగించాడు. అప్పుడు పెద్దాయన ఫెర్డినాండ్ పోర్షే ఫ్రాన్స్ జైల్లో ఉన్నాడు, కొడుకు ఫెర్రీ బయట ఉన్నాడు. మధ్యవర్తులు ఇద్దరు, కార్లో అబార్త్, రుడాల్ఫ్ హ్రుష్కా. దూసియో కట్టిన డిజైను ఫీజు పెద్దాయన్ని విడిపించడానికి అక్కరకొచ్చింది, 1947 ఆగస్టులో ఆయన బయటికొచ్చాడు. ఆ డబ్బుకి ప్రతిగా వచ్చిన కారు టైప్ 360. డ్రైవర్ వెనక ఇంజన్, 1500 సీసీలోనే పన్నెండు సిలిండర్లు, ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే సూపర్‌ఛార్జర్, కావాలంటే నాలుగు చక్రాలకీ పవర్. అది తన కాలం కంటే ఇరవై ఏళ్ళు ముందున్న ఆలోచన, దాన్ని పూర్తి చేయడానికి కావలసిన డబ్బు మాత్రం ఏ చిన్న కంపెనీ దగ్గరా ఉండదు. 1949కి అప్పులు చుట్టుముట్టాయి. దూసియో ఆ కారుని తీసుకుని అర్జెంటీనా వెళ్ళాడు, పెరోన్ ప్రభుత్వం అండతో అక్కడ ఆటోఆర్ అనే కంపెనీ పెట్టాడు. ఆ 360 గ్రాండ్ ప్రీ రేసు ఒక్కటీ నడవలేదు. ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో పోర్షే మ్యూజియంలో ఉంది. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. దూసియో చిన్న కార్లతోనే ఆగి ఉంటే ఆ కంపెనీ ఇంకో పదేళ్ళు బతికేదని నా గట్టి నమ్మకం.

అబార్త్ సంగతి చెప్పకుండా వదిలితే తప్పు. కంపెనీ రేసు విభాగం చూసింది ఆయనే. కంపెనీ అప్పుల్లో కూరుకున్నాక తనకి రావలసిన దాని కింద కొన్ని కార్లు, సామాను తీసుకుని అదే 1949లో సొంత కంపెనీ పెట్టాడు, గుర్తు తేలు. తనది వృశ్చిక రాశి అని ఆ బొమ్మ పెట్టుకున్నాడు. 2015లో మన దగ్గర అబార్త్ పుంటో అమ్మారు గుర్తుందా, ముందు తేలు బొమ్మతో, ఆ తేలు ఇదే. 1950 ఏప్రిల్‌లో సిసిలీలో పలెర్మో నుంచి మోంటే పెల్లెగ్రీనో కొండెక్కే రేసులో నువొలారి నడిపింది అబార్త్ 204ఏ, అది చిసిటాలియా నుంచి వచ్చిన బండే, ఇంజన్ మళ్ళీ ఈ 1100 ఫియటే. తన తరగతిలో మొదటివాడిగా వచ్చాడు. అదే ఆయన చివరి రేసు. 1953లో పోయాడు.

కుర్లా 1089:

చాలా బాగా చెప్పారండి. గోదావరి గారూ, ఒక చిన్న హెచ్చరిక. ఇదంతా చదివి పద్మినిని 55 హార్స్ పవర్‌కి లాగుదామని మాత్రం అనుకోకండి. క్రాంక్‌కి మూడే మెయిన్ బేరింగులు, వయసు నలభై ఏళ్ళు. రీబోర్ చేయించి, వాల్వులు సరిగ్గా కూర్చోబెట్టి, ట్యాపెట్లు సెట్ చేస్తే చాలు, గంటకి 80లో హాయిగా పాడుకుంటూ పోతుంది. ఇంతకీ మాగ్నెటో ముచ్చట చెప్తానన్నారు?

గోదావరి పద్మిని:

ఇవన్నీ ఇవాళ మధ్యాహ్నం నాన్నగారికి చదివి వినిపించాను. 81 ఏళ్ళు ఆయనకి, ఇప్పుడు కళ్ళు సరిగ్గా ఆనవు. నువొలారి బండి వానలో ఆగిపోయిన చోటికి వచ్చేసరికి "మాగ్నెటోకి గుడ్డ కట్టలేదా?" అన్నారు వెంటనే. మా పద్మినికి మాగ్నెటో లేదు, ప్లగ్గులకి కరెంటు పంచే డెల్కో (డిస్ట్రిబ్యూటర్) ఉంది, కానీ జబ్బు అదే. గోదావరికి వరద వచ్చిన ప్రతి ఏడూ మా వీధిలో నీళ్ళు నిలిచేవి, బండి నీళ్ళలో దిగగానే డెల్కో మూత తడిసి ఆగిపోయేది. నాన్న పంచె మోకాళ్ళపైకి కట్టి బానెట్ ఎత్తి, క్లిప్పులు రెండూ తీసి, మూత లోపల పొడిగుడ్డతో తుడిచి, పాయింట్లు ఆరేదాకా ఊదేవారు. తర్వాత పాత సైకిల్ ట్యూబు కోసి డెల్కో మూత మీదుగా గట్టిగా బిగించారు, నాలుగు ప్లగ్ వైర్లకీ నాలుగు కంతలు పెట్టి. ఆ తర్వాత వానలో ఎప్పుడూ ఆగలేదు.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళి చూశాను. పక్కన తీసి పెట్టిన డెల్కోకి ఆ ట్యూబు ముక్క ఇంకా ఉంది, ఎండిపోయి పగుళ్ళిచ్చింది, ముట్టుకుంటే పొడి రాలుతోంది. లేత్ నుంచి బ్లాక్ గురువారం వస్తుందన్నారు. బిగించేటప్పుడు కొత్త ట్యూబు ముక్క వేద్దామంటే నాన్న తనే కోసిస్తానన్నారు, సైజు చేతికి గుర్తుందట. ఇంజన్ స్టార్ట్ అయ్యాక వీడియో పెడతాను.